శాశ్వత చిరునామా

మన బడిలో ఏటా ఏప్రిల్‌లో ప్రతి విద్యార్థి చేతా ఒక ఫారం నింపిస్తాం. అందులో చిరునామాకు రెండు గళ్లు ఉంటాయి. మొదటిది ప్రస్తుత చిరునామా. దాన్ని మీరు చకచకా రాసేస్తారు: క్వార్టర్ నంబరు, బ్లాకు, సెక్టారు, ఫరీదాబాద్. రెండోది శాశ్వత చిరునామా. అక్కడికి వచ్చేసరికి పెన్నులు ఆగిపోతాయి. "మేడం, తాతగారి ఊరు రాయాలా, నాన్న పుట్టిన ఊరు రాయాలా?" అని ఒకరు అడుగుతారు. "మేడం, మాకు అక్కడ ఇల్లు లేదు" అని ఇంకొకరు అంటారు. కిందటేడు ఏడో తరగతి పాప ఒకతి, "ఆంధ్రప్రదేశ్ అని రాస్తే చాలదా మేడం?" అని అడిగింది.

చాలదమ్మా అన్నాను. ఎందుకు చాలదో చెప్పేలోగా గంట కొట్టారు. ఆ మిగిలిన జవాబే ఈ వ్యాసం. తెలంగాణ నుంచి వచ్చిన పిల్లలు కూడా చదవండి. ఆదిలాబాద్ వేరు, పాలమూరు వేరు అని మీ ఇళ్లలోనూ వినే ఉంటారు.

ముందు నా సంగతి చెబుతాను. నేనూ మీలాంటి దాన్నే. మా నాన్న రైల్వే ఉద్యోగి. గుంతకల్లు, నంద్యాల, బిట్రగుంట, విజయవాడ... ఈ నాలుగు చోట్లా రైల్వే క్వార్టర్లలో పెరిగాను. తర్వాత నాకూ బదిలీల ఉద్యోగమే వచ్చింది. తిరుపతి, శ్రీకాకుళం, నాగపూర్, సికింద్రాబాద్ అయ్యాక ఇప్పుడు ఫరీదాబాద్. పన్నెండేళ్లలో ఇది ఐదో ఊరు. ట్రంకు పెట్టెల మీద పెయింటుతో రాసిన పాత ఊరి పేరు కొట్టేసి కొత్త ఊరి పేరు రాయడం మీ ఇళ్లలో లాగే మా ఇంట్లోనూ అలవాటు.

మీ అమ్మానాన్నలు ఉద్యోగంలో చేరినప్పుడు ఒక కాగితం మీద తమ స్వస్థలం పేరు రాసి ఇచ్చి ఉంటారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు సెలవు ప్రయాణ రాయితీ ఒకటి ఉంది. ఎల్‌టీసీ అని ఇంట్లో వింటుంటారు కదా, అదే. నాలుగేళ్లకో బ్లాకు లెక్క. అందులో 'హోం టౌన్' వెళ్లిరావడానికి టికెట్ల ఖర్చు ఇస్తారు. ఆ హోం టౌన్ ఏదో ముందే ప్రకటించాలి. ఒకసారి రాసిచ్చాక అదే ఖాయం. తగిన కారణం చూపిస్తే పై అధికారి అనుమతితో మార్చుకోవచ్చు గానీ, సర్వీసు మొత్తంలో ఒక్కసారే. నేను 2013లో మా అమ్మ పుట్టిన ఊరి పేరు రాసిచ్చాను. వేసవి సెలవులన్నీ అక్కడే గడిచాయి కాబట్టి ఇంకో ఊరు తోచలేదు.

ఇక అసలు ప్రశ్న. ఆంధ్రప్రదేశ్ అంటే ఎంత? విస్తీర్ణం లక్షా 60 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. మన ఢిల్లీ 1,483 చదరపు కిలోమీటర్లు. అంటే ఢిల్లీ లాంటివి నూరు పట్టినా ఇంకా చోటు మిగులుతుంది. మనం ఉంటున్న ఎన్‌సిఆర్‌నే తీసుకోండి. ఢిల్లీతో పాటు హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ జిల్లాలు కొన్ని కలిపితే దాదాపు 55 వేల చదరపు కిలోమీటర్లు, ఆంధ్రప్రదేశ్‌లో మూడో వంతు. ఇక్కడి వాళ్లకు ద్వారక వేరు, నోయిడా వేరు, ఫరీదాబాద్ వేరు. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు మెట్రో ఎంత దూరం, నీళ్లు ఎలా ఉంటాయి అని వంద ఆరాలు తీస్తాం. మన ఊరి వాళ్లు మాత్రం "వాళ్లు ఢిల్లీలో ఉంటారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మనం ఇక్కడ కూర్చుని "మాది ఆంధ్రా" అనడమూ అలాంటిదే.

ఇచ్ఛాపురం నుంచి హిందూపురం వెళ్లాలంటే వెయ్యి కిలోమీటర్ల పైమాటే. ఢిల్లీ నుంచి పాట్నా వెళ్లినంత. ఆ దారి పొడవునా వాన మారుతుంది, మట్టి మారుతుంది, తినే గింజ మారుతుంది. నేను తిరుపతిలో పనిచేసినప్పుడు అక్కడ గొడుగులు బాగా తడిసేది నవంబరులో. ఢిల్లీ పిల్లలకు వానాకాలమంటే జులై కదా, ఆ వైపు ఈశాన్య రుతుపవనాలది పెద్ద చెయ్యి. శ్రీకాకుళంలో ఉండగా 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. పలాస చుట్టుపక్కల ఉద్దానంలో జీడితోటలు, కొబ్బరితోటలు పడిపోయాయి. కొబ్బరిచెట్టు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ తర్వాత నా తరగతిలో ఒక పిల్లవాడు తన ఊరి గురించి రాసిన వ్యాసంలో, పడిన చెట్లను లెక్కపెట్టి అంకె వేశాడు. ఇటు అనంతపురం జిల్లాకు ఏడాదంతా కలిపి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే, ఢిల్లీకి పడే వాన కన్నా తక్కువ. ఒకచోట నీళ్లెక్కువై భయం, ఒకచోట నీళ్లు లేక భయం. రెండూ ఒకే రాష్ట్రం.

మాట సంగతి చెప్పనే అక్కర్లేదు. మీరు పండ్ల రసం తాగే మోసంబీని గోదావరి వైపు బత్తాయి అంటారు, అనంతపురం వైపు చీనీకాయ అంటారు. వేరుశనగకాయలు అక్కడ శెనక్కాయలో, బుడ్డలో అవుతాయి. "ఏమిటి" అన్న మాట శ్రీకాకుళంలో "ఏటి", నెల్లూరులో "ఏంది". ఇవన్నీ తెలుగే. తరగతిలో ఎవరైనా ఇలా మాట్లాడితే మీరు నవ్వకూడదని నేను పదే పదే చెప్పేది అందుకే.

ఇప్పుడు మా ఇంటి కథకు వస్తాను. నాన్న 2017లో రిటైరయ్యారు. క్వార్టర్ ఖాళీ చేసి, విజయవాడ సింగ్‌నగర్‌లో ఒక ఇంటి కింది భాగం అద్దెకు తీసుకున్నారు. "సొంత ఇల్లు ఎక్కడ కట్టుకోవాలో తీరిగ్గా ఆలోచిద్దాం" అనుకున్నారు. ఆ తీరిక ఏడేళ్లు సాగింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగింది. తెల్లవారేసరికి ఇంట్లో మోకాలి లోతు నీళ్లు, మధ్యాహ్నానికి నడుము దాకా. అమ్మానాన్న పై వాటా వాళ్ల ఇంట్లో మూడు రోజులు ఉన్నారు. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా కృష్ణ నీళ్లు పోయాయి. రెండో రోజుకు వాళ్ల ఫోను ఆగిపోయింది. నాన్నకు 2022లో గుండెకు స్టెంటు వేశారు. రోజూ వేసుకునే మాత్రలు కింది గదిలో ఉండిపోయాయి. నేను ఇక్కడ, తమ్ముడు బెంగళూరులో. మా అపార్ట్‌మెంట్‌లో అందరూ "మీ ఆంధ్రాలో వరదలట కదా" అని అడుగుతున్నారు. నిజానికి ఆ నీళ్లు చూడని ఊళ్లే రాష్ట్రంలో ఎక్కువ. మా వాళ్లు ఉన్నది మాత్రం ఆ నీళ్లలోనే.

మూడో రోజు సాయంత్రం పడవలో బయటికి వచ్చి నాన్న వేరేవాళ్ల ఫోను నుంచి మాట్లాడారు. "మాత్రలు దొరికాయి తల్లీ, అమ్మ బాగానే ఉంది" అన్నారు. ఆ తర్వాత, "ఇక ఆలోచించడం చాలు, ఒక ఊరు చూసుకుందాం" అన్నారు.

అలా కిందటి వేసవి సెలవుల్లో మేం ముగ్గురం బయలుదేరాం. నాన్న ఒక పాత రైల్వే డైరీలో పేజీకి నాలుగు గీతలు కొట్టి ఐదు గళ్లు చేశారు. రైలు ఉందా, ఆసుపత్రి ఎంత దూరం, ఎండాకాలంలో నీళ్లు ఎలా, వరద వస్తే ఎక్కడిదాకా వస్తుంది. నాలుగు గళ్లు ఇవి. ఐదో గడి ఖాళీగా ఉంటే అమ్మ దగ్గర పెన్ను తీసుకుని రాసింది: "అర్ధరాత్రి తలుపు కొడితే తీసేవాళ్లు ఎవరు?" ఇంటికోసం పెట్టుకున్న డబ్బు ముప్ఫై రెండు లక్షలు. మళ్లీ మళ్లీ చేసే పని కాదు కాబట్టి తొందరపడొద్దని తమ్ముడు ఫోనులో హెచ్చరించాడు.

మొదట అమ్మ పుట్టిల్లు, కోనసీమ. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ అని పాయలవుతుంది. వాటి మధ్య నేల కోనసీమ. 1852 నాటికి ధవళేశ్వరంలో ఆనకట్ట పూర్తయింది. కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ విగ్రహాలు ఆ జిల్లాల్లో ఇప్పటికీ ఎన్నో ఊళ్లలో కనిపిస్తాయి. ఆ కాలవల నీళ్లతోనే వరి, కొబ్బరి, అరటి. ఢిల్లీ జూన్ ఎండలో నుంచి వెళ్లిన నాకు కళ్లు చల్లబడ్డాయి. మామయ్య, "ఆయ్, ఇక్కడే ఉండిపోండి బావగారూ, మా పక్క స్థలమే ఇప్పిస్తాను" అన్నారు. అత్తయ్య పనసపొట్టు కూర వండింది. అమ్మ కాలవ గట్టున కూర్చుని చాలాసేపు లేవలేదు.

నాన్న డైరీ తీశారు. అమలాపురానికి ఇంకా రైలు లేదు. కాకినాడకో రాజమండ్రికో వెళ్లి ఎక్కాలి. నలభై ఏళ్లు పట్టాల పక్కన బతికిన మనిషికి అది పెద్ద లోటు. ఆయన వైద్య కార్డు చెల్లే రైల్వే డివిజన్ ఆసుపత్రి విజయవాడలో ఉంది. 2022 జులైలో గోదావరి లంక గ్రామాల్లోకి ఎంతవరకు వచ్చిందో మామయ్య గోడ మీద వేలు పెట్టి చూపించారు. నాన్న ఆ వేలినే చూస్తూ నిలబడ్డారు. అమ్మ ఏమీ అనలేదు గానీ, ఆ చెమ్మ గాలికి రెండో రోజుకే ఆమె మోకాళ్లు వాచాయి.

తర్వాత విశాఖపట్నం. రిటైరైన వాళ్లంతా అక్కడికే వెళతారని అందరూ చెప్పారు. అందుకు కారణాలున్నాయి. ఓడరేవు, తూర్పు నౌకాదళం, ఉక్కు కర్మాగారం, రైల్వే ఉండటం వల్ల మనలాంటి బదిలీల కుటుంబాలు అక్కడ ఎప్పటినుంచో ఉన్నాయి. ఏ భాష వాడైనా కొత్తగా అనిపించడు. రైల్వే ఆసుపత్రి ఉంది, పెద్ద ఆసుపత్రులు చాలా ఉన్నాయి. ఢిల్లీ నుంచి ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మారకుండా దిగవచ్చు. సముద్రం, కొండలు ఒకేచోట ఉన్న ఊరు. అమ్మ బీచిలో చెప్పులు చేతిలో పట్టుకుని నడిచింది.

ధరల దగ్గర ఆగిపోయాం. మా డబ్బుకు చూపించిన ఫ్లాటు ఊరికి దూరంగా మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. పక్క ఫ్లాటులో ఉండే ఆవిడ 2014 అక్టోబరు 12 సంగతి చెప్పింది. ఆ రోజు హుద్‌హుద్ తుపాను సరిగ్గా ఆ నగరం మీదికే వచ్చింది. కిటికీ అద్దాలు పగిలి, ఊళ్లో చెట్లు కూలి, చాలా రోజులు కరెంటు లేదట. "అయినా మేం ఎక్కడికీ పోలేదండి, మా వాళ్లందరూ ఇక్కడే" అంది ఆవిడ. అమ్మ ఆ మాట పట్టుకుంది. "వాళ్ల వాళ్లందరూ ఇక్కడ. మన వాళ్లు ఎవరున్నారు?" అంది మెట్లు దిగుతూ.

విజయవాడలోనే పై అంతస్తు చూసుకుని ఉండిపోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. మేమూ అనుకున్నాం. అక్కడ అన్నీ దగ్గర. ఆ పక్కనే అమరావతి. వెలగపూడి సచివాలయం కోసం 2016లో హైదరాబాదు నుంచి ఎన్నో వందల ఉద్యోగుల కుటుంబాలు తరలి వచ్చాయి. మా పాత వీధిలోనూ అలాంటివాళ్లు ఉండేవారు. భర్త ఇక్కడ, భార్యాపిల్లలు హైదరాబాదులో, శుక్రవారం రాత్రి రైలు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మనకే కాదు, మన రాష్ట్రానికీ బదిలీలు అయ్యాయి. 1953 అక్టోబరు 1న మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే రాజధాని కర్నూలు. కట్టడాలు చాలక అప్పుడు కొన్ని కార్యాలయాలు గుడారాల్లో నడిచాయి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు మారింది. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయ్యాక హైదరాబాదు పదేళ్లపాటు ఉమ్మడి రాజధాని. 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవయ్యారు అయ్యాయి. మా అమ్మ ఊరికి ఆరోజు జిల్లా పేరు మారిపోయింది. మద్రాసులో ఇల్లు, బడి, స్నేహితులు ఉన్న పిల్లలు 1953లో కర్నూలు వచ్చి ఉంటారు. మూడేళ్లకే మళ్లీ సామాను సర్దుకుని ఉంటారు. శాశ్వత చిరునామా గడి దగ్గర వాళ్ల పెన్నులూ ఆగే ఉంటాయి.

విజయవాడ వద్దన్నది మాత్రం నాన్నే. "వాన మొదలైతే అమ్మ నిద్రపోవడం లేదు" అన్నారు. ఊరు మంచిది కాదని కాదు. లక్షలమంది అక్కడే ఇల్లు కడిగి సున్నం వేసుకుని ఉంటున్నారు. మా ఇద్దరు పెద్దవాళ్లకు ఇక అది కుదరదు, అంతే.

ఆఖరున నాన్న సొంత ఊరు, గుత్తి దగ్గర పల్లె. అక్కడ ఆయన వాటాకు రెండున్నర ఎకరాలు ఉంది. పెద్దనాన్న అరుగు మీద కూర్చుని, "ఏమ్రా, ఈడికొస్తే నీకేం తక్కువ?" అన్నారు. వదిన పొద్దున్నే ఉగ్గాణి, మధ్యాహ్నం రాగి సంగటి, ఊరిబిండి పెట్టింది. ఆ ఊరి గాలి వేరు. పొడిగా, జోరుగా ఉంటుంది, ఆరేసిన చీర అరగంటలో ఆరిపోతుంది. అమ్మ మోకాళ్ల వాపు తగ్గిందంటే నమ్మండి. వరద గడిలో నాన్న సున్నా వేశారు. నీళ్ల గడిలో పెద్దనాన్నే నవ్వుతూ, "అది రాయద్దులే" అన్నారు. ఇంటి ముందు వరసగా డ్రమ్ములు. నీళ్లు దాచుకోవడం అక్కడ పిల్లలకు కూడా అలవాటు. బియ్యం కడిగిన నీళ్లు, అంట్లు తొలిచిన నీళ్లు వేరువేరు చెట్లకు పోతాయి. రాత్రి ఒంట్లో బాగాలేకపోతే ఎక్కడికి అని నాన్న అడిగారు. "గుంతకల్లుకి. ముప్పై కిలోమీటర్లే" అన్నారు పెద్దనాన్న.

గుంతకల్లు మా జాబితాలో లేదు. ఎవరి పుట్టిల్లూ కాదు, ఎవరూ పొగిడే ఊరూ కాదు. తిరుగు ప్రయాణంలో రైలు అక్కడ ఎక్కాలి కాబట్టి ఒక రాత్రి దిగాం. మా పక్క క్వార్టర్లో ఉండిన పిన్నిగారి ఇంట్లో. వాళ్లు రిటైరయ్యాక అక్కడే ఇల్లు కట్టుకున్నారు.

ఆ ఊరితో అమ్మకున్న లెక్క వేరు. మామయ్య, నాన్న రైల్వేలో కలిసి పనిచేయడం వల్ల కుదిరిన సంబంధం అది. 1986లో పెళ్లయి, కాలవల దేశం నుంచి పందొమ్మిదేళ్ల పిల్ల గుంతకల్లు ప్లాట్‌ఫాం మీద దిగింది. ఎర్రటి ఎండ, బొగ్గు మసి, కనుచూపు మేర ఒక్క కొబ్బరిచెట్టు లేదు. మొదటి నెలంతా ఏడ్చానని ఆమే చెబుతుంది. అక్కడే నేను పుట్టాను, తమ్ముడు పుట్టాడు. పదకొండేళ్లు ఉన్నాం.

పొద్దున ఆరు గంటలకు పిన్నిగారు ఎవరికో ఫోను చేశారు. ఏడు గంటలకల్లా ఐదుగురు ఆడవాళ్లు వచ్చేశారు. అందరూ పాత క్వార్టర్ల వరసవాళ్లే. ఒకరు తమిళులు, ఒకరు కన్నడిగులు, ఒకరు ఉర్దూ మాట్లాడేవారు, అందరిదీ గుంతకల్లు తెలుగు. "ఏమ్మా, ఇన్నేండ్లకు గుర్తొచ్చినామా?" అని అమ్మ చెయ్యి పట్టుకున్నారు. తమ్ముడు పుట్టిన రాత్రి నాన్న డ్యూటీలో ఉంటే అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లింది అందులో ఒకావిడ. అమ్మ అంత గట్టిగా నవ్వడం వరద తర్వాత నేను చూడలేదు.

నాన్న డైరీ తెరిచి ఒక్కొక్క గడీ చదివారు. రైలు: ఐదు వైపులకు దారులున్న జంక్షన్. ఢిల్లీ నుంచి కర్ణాటక ఎక్స్‌ప్రెస్ నేరుగా వస్తుంది, తమ్ముడు బెంగళూరులో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగుతాడు. ఆసుపత్రి: డివిజన్ కేంద్రం కాబట్టి రైల్వే ఆసుపత్రి ఊళ్లోనే ఉంది. వరద: భయం లేదు. నీళ్లు: జాగ్రత్తగా వాడుకోవాలి. ఐదో గడి ఆయన చదవలేదు, వాకిట్లో కూర్చున్న ఆ ఐదుగురి వైపు చూశారు.

కానీ ఒప్పుకోనిది కూడా ఆయనే. "నీకు ఎండ పడదు. నీ అన్నయ్య పక్కన స్థలం ఇస్తానంటున్నాడు. నాకోసం మళ్లీ ఈ ఊరు వద్దు" అన్నారు. అమ్మ చెప్పిన జవాబు నాకు మాట మాటా గుర్తుంది. "మీకోసం కాదు. కోనసీమలో నన్ను చిన్నప్పుడు ఎరిగినవాళ్లలో అన్నయ్య ఒక్కడే మిగిలాడు. ఇక్కడ నేనేంటో తెలిసినవాళ్లు ఐదుగురున్నారు. అన్నయ్య దగ్గరికి ఏడాదికోసారి చుట్టంగా పోతాను. నన్ను ఇక్కడ ఉండనివ్వండి."

రైల్వే ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దూరంలో రెండు గదుల పాత ఇల్లు దొరికింది. ముందు వేపచెట్టు ఉంది. దసరాకు చేరారు. అమ్మకు పోయింది కూడా తక్కువేం కాదు. పనసకాయల కాలంలో ఫోనులో ఆమె గొంతు మారిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం దాకా గడప దాటలేదు. మామయ్య పంపిన కొబ్బరిమొక్కను పెరట్లో నాటింది. దానికి రోజుకు రెండు బకెట్ల నీళ్లు కావాలి. ఆ నీళ్ల కోసం నాన్నతో రోజూ వాదన. మొక్క బతుకుతుందో లేదో ఇంకా తెలియదు.

నేను హోం టౌన్ మార్పుకు దరఖాస్తు పెట్టాను. ఉన్న ఒక్క అవకాశం దీనికి వాడుకున్నాను.

పిల్లలూ, మా వాళ్లు ఎంచుకున్నది రాష్ట్రంలో అన్నిటికన్నా మంచి ఊరు అని నేను అనను. అలాంటి ఊరు ఉందని కూడా అనుకోను. కోనసీమ పచ్చదనానికి గోదావరి వరద తోడుంటుంది. విశాఖ సముద్రానికి తుపాను తోడుంటుంది. గుత్తి పొడిగాలికి నీళ్ల కరువు తోడుంటుంది. ఏ ఊరిదైనా కష్టం ఎలాగూ భరించాలి కాబట్టి, ఆ కష్టం వచ్చిన రాత్రి మన పక్కన ఎవరుంటారో చూసి మా వాళ్లు తేల్చుకున్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అయితే వేరేలా చూడాలి. అప్పుడు పని ఎక్కడుంది, చదువు ఎక్కడుంది అన్నవి పై గళ్లలోకి వస్తాయి. వయసుతో పాటు గళ్లు మారతాయి.

మీరు బదిలీల పిల్లలు. సొంత ఊరు లేదని కొందరు బెంగపడతారు. ఇంకొకటి గమనించండి. ఒకే ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు ఈ ఐదు గళ్ల డైరీ రాసే అవసరం రాదు. మీకు వస్తుంది. అప్పటికి మీరు నాలుగైదు ఊళ్ల ఎండ, వాన, నీళ్లు, పక్కింటివాళ్లు అన్నీ చూసి ఉంటారు. అందుకని ఏ క్వార్టర్లో ఉన్నా పక్కింటి వాళ్ల పేర్లు తెలుసుకోండి. మా అమ్మ ఇప్పుడుంటున్న ఊరు, ముప్పై తొమ్మిదేళ్ల కిందట పక్క క్వార్టర్ తలుపు తట్టి పంచదార అప్పు అడిగిన రోజున ఆమెకు దొరికింది.

ఇక మీకు పని. ఈ సెలవుల్లో ఊరు వెళ్లినా, వెళ్లకపోయినా, ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. మన ఊరికి ఢిల్లీ నుంచి ఏ రైలు వెళుతుంది? అక్కడ వాన ఏ నెలలో పడుతుంది? తాగే నీళ్లు ఏ నదివి, ఏ చెరువువి? అక్కడ పండేది ఏమిటి, దాన్ని అక్కడివాళ్లు ఏమని పిలుస్తారు? రిటైరయ్యాక అమ్మ ఎక్కడ ఉండాలనుకుంటోంది, నాన్న ఎక్కడ ఉండాలనుకుంటున్నారు? ఆఖరి ప్రశ్న ఇద్దరినీ విడివిడిగా అడగండి. జవాబులు ఒక పేజీలో, తెలుగులో రాసుకుని రండి. ఒత్తులు, దీర్ఘాలు తప్పినా ఫర్వాలేదు, నేను దిద్దుతాను.